తెలుగులో రాసిన కుల దూషణ సోషల్ మీడియా వేదికలకు ఎందుకు కనబడదు? ప్రభుత్వం గడువులు, జరిమానాలు పెడితే సరిపోతుందా?

ప్రశ్న: తెనాలి ఉపన్యాసకుడు

నేను తెనాలి ప్రాంతంలోని ఒక డిగ్రీ కళాశాలలో రాజనీతి శాస్త్రం బోధిస్తున్నాను. గత నెలలో మా పూర్వ విద్యార్థుల పేజీలో ఒక పెళ్లి ఫొటో పెట్టారు. వధూవరులిద్దరూ నా దగ్గర చదువుకున్నవారే, వేర్వేరు కులాలవారు. రెండు వందలకు పైగా వచ్చిన శుభాకాంక్షల మధ్య ఒక వ్యక్తి, పెళ్లికొడుకు కులాన్ని పేరు పెట్టి దూషిస్తూ, నేను ఇక్కడ తిరిగి రాయలేని మాట రాశాడు. భాష తెలుగే, అక్షరాలు మాత్రం ఇంగ్లీషువి, ఆ మాట మధ్యలో ఒక చుక్క. దాని కిందే మరొకడు, ‘మీ తాత ఏ పని చేసేవాడో పంతులుగారికి చెప్పావా, ముహూర్తం పెట్టేటప్పుడు?’ అని రాశాడు.

రెండింటి మీదా ఫిర్యాదు చేశాను. పదకొండు నిమిషాల్లో, ఇంగ్లీషులో సమాధానం వచ్చింది: ఈ వ్యాఖ్యలు మా ప్రమాణాలకు విరుద్ధంగా లేవు అని. ఆ రాత్రి నేను ఆ దూషణ పదాన్ని తెలుగు లిపిలో ఉటంకించి, చదువుకున్నవారు ఇలా రాయడం ఎంత నీచమో వివరిస్తూ ఒక పోస్టు రాశాను. తెల్లారేసరికి విద్వేషం అనే కారణంతో నా పోస్టును తొలగించారు. ఆ వ్యాఖ్యలు మాత్రం ఈ రోజుకీ అక్కడే ఉన్నాయి. పెళ్లికూతురు ఫోన్ చేసి, “సార్, అది మా అత్తమ్మ కూడా చదివిందండీ” అని ఊరుకుంది. ఆ అమ్మాయికి ఏమి చెప్పాలో నాకు తోచలేదు.

నేను అడగదలచుకున్నవి రెండు. ఇప్పుడున్న చట్టం ప్రకారం వేదిక బాధ్యత ఎంత? జర్మనీలో చేసినట్టు మన దేశంలో కూడా ఇన్ని గంటల్లో తొలగించాలి, లేకపోతే కోట్ల జరిమానా అనే చట్టం రావాలా? ఈ రెండో ప్రశ్న దగ్గర నా మనసు ఎటూ తేలడం లేదు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన మాట రాయడమే నేరమన్న ఐటీ చట్టం సెక్షన్ 66ఏను సుప్రీంకోర్టు కొట్టివేసిన తీర్పును తరగతిలో ప్రతి ఏడూ ఎంతో గౌరవంగా చెప్పేవాణ్ణి నేనే.

జవాబు: ఓరుగల్లు వకీలు

ఉపన్యాసకుడు గారూ, ముందుగా ఒక విషయం విడమరచి చెప్పాలి. ఆ వ్యాఖ్య రాసినవాడి నేరం వేరు, దాన్ని ఉంచిన వేదిక బాధ్యత వేరు. ఈ రెండింటినీ కలిపి చూడడం వల్లే చాలామంది బాధితులు ఏ తలుపూ తట్టకుండా ఆగిపోతున్నారు.

రాసినవాడి విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లోని సెక్షన్ 3(1)లో, ప్రజల దృష్టికి వచ్చే చోట కులం పేరుతో దూషించడం, అవమానించడం నేరాలు. రాత ద్వారా ఆ వర్గాల మీద ద్వేషాన్ని పెంచడం కూడా నేరమే. ఇంటర్నెట్‌లో పెట్టినది ఎవరు ఎప్పుడు చూసినా ప్రజల దృష్టిలో ఉన్నట్టేనని 2022లో కేరళ హైకోర్టు అభిప్రాయపడింది. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. మీరు తీసిన స్క్రీన్‌షాట్‌లో తేదీ, సమయం, ఆ వ్యాఖ్య పూర్తి లింకు కనబడేలా చూసుకోండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఇవ్వవలసిన ధ్రువపత్రం జతచేయకపోతే, తర్వాత కోర్టులో ఆ కాగితం నిలబడడం కష్టం.

వేదిక విషయం ఇంత సూటిగా లేదు. ఐటీ చట్టం సెక్షన్ 79 ప్రకారం, ఇతరులు రాసిన దానికి వేదిక మధ్యవర్తి మాత్రమే, శిక్ష నుంచి దానికి రక్షణ ఉంది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్ ఇచ్చిన తీర్పు 66ఏను కొట్టివేయడంతో ఆగలేదు. కోర్టు ఉత్తర్వు గానీ ప్రభుత్వ నోటీసు గానీ అందినప్పుడే వేదికకు ‘తెలిసినట్టు’ లెక్క అని కూడా చెప్పింది. కాబట్టి మీరు చేసిన ఫిర్యాదును వేదిక తోసిపుచ్చినంత మాత్రాన దాని రక్షణ పోదు. రోజుకు లక్షల ఫిర్యాదులు వచ్చే చోట ప్రతి ఫిర్యాదూ కోర్టు ఉత్తర్వుతో సమానమైతే ఎవరికి నచ్చని మాటనైనా తీయించవచ్చు కనుక, ఆ తీర్పు సరైనదేనని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను.

2021 ఫిబ్రవరి 25న వచ్చిన ఐటీ నియమాలు 50 లక్షలకు మించి సభ్యులున్న వేదికల మీద అదనపు బాధ్యతలు పెట్టాయి. దేశంలోనే నివసించే ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, నెలనెలా నివేదిక ఇవ్వాలి. పరిష్కారానికి మొదట 15 రోజుల గడువు పెట్టారు, తర్వాతి సవరణలు కొన్ని రకాల ఫిర్యాదులకు దాన్ని బాగా కుదించాయి. మీకు వచ్చిన పదకొండు నిమిషాల జవాబు బహుశా యంత్రం ఇచ్చినది. దాన్ని ఫిర్యాదుల అధికారి జవాబుగా లెక్కించకండి. ఆ అధికారికి విడిగా, పేరు పెట్టి ఈమెయిల్ రాయండి. ఆయన కూడా తోసిపుచ్చితే 30 రోజుల్లో ఫిర్యాదుల అప్పీలు కమిటీకి వెళ్లవచ్చు. 2022 సవరణతో వచ్చిన ఏర్పాటు ఇది, 2023 జనవరిలో అలాంటి కమిటీలు మూడు ఏర్పడ్డాయి. మీ సొంత పోస్టు తొలగింపు మీద కూడా ఇదే దారిలో అప్పీలు చేయవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు.

ఇంకొక్క మాట. విద్వేష ప్రసంగం అంటే ఏమిటో మన శిక్షాస్మృతిలో నేటికీ నిర్వచనం లేదు. 2017 మార్చిలో లా కమిషన్ తన 267వ నివేదికలో కొత్త సెక్షన్లు చేర్చమని సిఫారసు చేసింది. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చినప్పుడు, వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం గురించిన పాత 153ఏ సెక్షన్ 196గా, మత విశ్వాసాలను అవమానించడం గురించిన పాత 295ఏ సెక్షన్ 299గా అంకెలు మారాయి కానీ ఆ లోటు అలాగే మిగిలింది.

జవాబు: బెర్లిన్ నుంచి ఒక తెలుగువాడు

జర్మనీ ప్రస్తావన వచ్చింది కనుక రాస్తున్నాను. పన్నెండేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను, ఆ చట్టం వచ్చిన రోజుల్లో జరిగిన చర్చను దగ్గర నుంచి చూశాను.

2015లో శరణార్థులు పెద్ద సంఖ్యలో వచ్చిన తర్వాత ఇక్కడి వేదికల మీద ద్వేషం కట్టలు తెంచుకుంది. కంపెనీలు స్వచ్ఛందంగా సరిదిద్దుకుంటామని మాట ఇచ్చాయి. 2017 మొదట్లో ప్రభుత్వం పరీక్ష చేయించి చూస్తే, మామూలు వాడుకరులు ఫిర్యాదు చేసిన చట్టవిరుద్ధ పోస్టుల్లో యూట్యూబ్ నూటికి 90 తొలగించగా, ఫేస్‌బుక్ 39, ట్విట్టర్ ఒకే ఒక్కటి తొలగించినట్టు తేలింది. ఆ ఏడాది జూన్‌లో పార్లమెంటు చట్టం ఆమోదించింది. 20 లక్షలకు మించి సభ్యులున్న వేదికలు, చట్టవిరుద్ధమని చూడగానే తెలిసే పోస్టును 24 గంటల్లో, మిగతావాటిని సాధారణంగా 7 రోజుల్లో తొలగించాలి. అలా చేసే వ్యవస్థ లేకపోతే 5 కోట్ల యూరోల దాకా జరిమానా.

2018 జనవరి 1 నుంచి పూర్తిగా అమలైంది. మొదటి వారంలోనే, ఒక పార్లమెంటు సభ్యురాలి ముస్లిం వ్యతిరేక మాటలను అనుకరిస్తూ ఎగతాళి చేసినందుకు టైటానిక్ అనే వ్యంగ్య పత్రిక ట్విట్టర్ ఖాతా నిలిచిపోయింది. ఉపన్యాసకుడు గారికి జరిగినది సరిగ్గా అదే: ద్వేషాన్ని చూపించి ఖండించినవాడి నోరు మూతపడింది. ఫ్రాన్సు 2020లో ఇంకా కఠినమైన చట్టం తెస్తే, అక్కడి రాజ్యాంగ మండలి జూన్ 18న అందులోని కీలక భాగాన్ని కొట్టివేసింది. గంటల గడువు, భారీ జరిమానా కలిస్తే కంపెనీ అనుమానం వచ్చిన ప్రతిదాన్నీ తీసేస్తుందన్నదే అక్కడి ప్రధాన ఆందోళన.

అయితే జర్మన్ చట్టంలో నాకు నచ్చిన భాగం గడువులు పెట్టిన భాగం కానే కాదు. ఏడాదికి 100 ఫిర్యాదులు దాటిన ప్రతి వేదికా ఆరు నెలలకొకసారి లెక్కలు ప్రచురించాలన్న నిబంధన నాకు నచ్చింది. 2019 జులైలో ఫేస్‌బుక్‌కు 20 లక్షల యూరోల జరిమానా పడింది కూడా ఫిర్యాదుల లెక్కను అసంపూర్ణంగా చూపినందుకే.

2024 ఫిబ్రవరి 17 నుంచి యూరప్ అంతటా డిజిటల్ సేవల చట్టం పూర్తిగా వర్తించి, జర్మన్ చట్టం స్థానాన్ని చాలావరకు ఆక్రమించింది. అందులో గంటల లెక్క లేదు. పోస్టు తీసేస్తే కారణం రాసి ఇవ్వాలి, కంపెనీతో సంబంధం లేని మధ్యవర్తి దగ్గరికి వెళ్లే హక్కు ఉండాలి. మన తెలుగువాళ్లు శ్రద్ధగా చదవవలసిన నిబంధన మరొకటి ఉంది. యూరప్‌లో నాలుగున్నర కోట్లకు మించి వాడుకరులున్న వేదికలు, పోస్టులను పరిశీలించే మనుషులు ఏ భాషలో ఎంతమంది ఉన్నారో, వారి భాషా నైపుణ్యం ఏమిటో, 24 అధికార భాషల వారీగా ప్రకటించాలి. మాల్టా దేశపు భాష మాట్లాడేవారు సుమారు 5 లక్షల మంది. వారి భాష చదవగలిగేవారు ఎందరున్నారో కంపెనీ చెప్పి తీరాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8 కోట్ల 11 లక్షలు. మన నియమాల్లో ఈ ప్రశ్నే లేదు.

జవాబు: రాత్రి షిఫ్టు

పైన చెప్పిన మాటకు నేను సాక్ష్యం ఇవ్వగలను. హైదరాబాదులో ఒక కాంట్రాక్టు కంపెనీలో రెండేళ్లకు పైగా తెలుగు పోస్టుల పరిశీలకురాలిగా పనిచేశాను. రహస్య ఒప్పందం ఉంది కనుక కంపెనీ పేరు గానీ వేదిక పేరు గానీ అడగవద్దని మనవి.

షిఫ్టు మొదలవగానే తెర మీద క్యూ తెరుచుకుంటుంది. ఒక పోస్టు వస్తుంది, దాని పక్కన కారణాల మీటలు ఉంటాయి, ఒకటి నొక్కగానే తర్వాతి పోస్టు వస్తుంది. ఒక్కోదానికి నాకు దొరికేది నిమిషం కన్నా తక్కువ. పాలసీ అంతా ఇంగ్లీషులో, ఉదాహరణలన్నీ బయటి దేశాలవి. కులం ఆధారంగా చేసే దాడి నిషిద్ధమని పెద్ద వేదికల నిబంధనల్లో రాసే ఉంటుంది. కానీ ఆ దాడి తెలుగులో ఎలా ఉంటుందో రాసినవాళ్లకు తెలియదు. వారానికొకసారి క్వాలిటీ స్కోరు చూస్తారు. నా నిర్ణయాన్ని సరిచూసే వ్యక్తికి తెలుగు రాకపోతే, యంత్రం చేసిన ఇంగ్లీషు అనువాదం చూసి నేను తప్పు చేశానని గుర్తు పెట్టేవారు. స్కోరు పడిపోతే జీతంలో కోత పడేది. అందుకని అనుమానం వచ్చిన చోట అనువాదంలో ఏది కనబడితే దానికే మీట నొక్కేదాన్ని. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

మాటల జాబితాలతో ఈ పని ఎందుకు జరగదో చెబుతాను. పెళ్లి ఫొటోల కింద ‘మాల’ అనే మాట వేలసార్లు వస్తుంది. మెడలో వేసే పూలమాల అదే, కులం పేరూ అదే. ‘మాదిగ’ అనే మాటను తీసుకోండి. ఒకడు దాన్ని తిట్టుగా రాస్తాడు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా ఉద్యమం తర్వాత వేలమంది అదే మాటను తమ పేరు చివర గర్వంగా పెట్టుకున్నారు. మంద కృష్ణ మాదిగ పేరును యంత్రం తిట్టుగా లెక్కిస్తే, ఆత్మగౌరవం కోసం ముప్పై ఏళ్లు నడిచిన ఉద్యమాన్ని విద్వేషమని తేల్చినట్టే. అలాంటి పోస్టులు నా క్యూలోకి వచ్చేవి. నేను ఉంచేదాన్ని. తెలుగు రానివాళ్ల క్యూలోకి పొరపాటున వెళ్లినవి ఏమయ్యాయో నాకు తెలియదు.

ఇప్పుడు ఉపన్యాసకుడు గారు రాసిన రెండో వ్యాఖ్య చూడండి. ‘మీ తాత ఏ పని చేసేవాడో పంతులుగారికి చెప్పావా?’ అందులో ఒక్క చెడ్డ మాట లేదు. అనువాదం చేస్తే తాతగారి ఉద్యోగం గురించి కుశలప్రశ్నలా ఉంటుంది. మన ఊళ్లలో పుట్టి పెరిగినవాళ్లకు మాత్రం ఆ వాక్యం చెంపదెబ్బలా తగులుతుంది. ‘కోటా బిడ్డ’, ‘ఊరి చివర ఇల్లు’, ‘గ్లాసు వేరుగా పెట్టండి’ వంటి మాటలు కూడా అలాంటివే. నేను గోదావరి జిల్లా దాన్ని. శ్రీకాకుళం వైపు వాడే ఒక మాట తిట్టని నాకు ఆ ప్రాంతం నుంచి వచ్చిన సహోద్యోగి చెప్పేదాకా తెలియదు. తెలుగు వచ్చిన నా పరిస్థితే ఇది.

ఇది ఎంత దూరం వెళ్లగలదో మయన్మార్‌లో ప్రపంచం చూసింది. 2015 తొలినాళ్లలో ఫేస్‌బుక్‌లో బర్మీస్ పోస్టులను పరిశీలించడానికి ఆ భాష వచ్చినవారు ఇద్దరే ఉండేవారని రాయిటర్స్ వార్తాసంస్థ 2018లో రాసింది. అక్కడి ముస్లిం మైనారిటీ అయిన రోహింగ్యాల మీద ద్వేషం అప్పటికి ఏళ్ల తరబడి అక్కడ పేరుకుపోయింది. తమ వేదికను హింసను రెచ్చగొట్టడానికి వాడుకోకుండా తగినంత చేయలేకపోయామని కంపెనీ ఒప్పుకున్నది 2018 నవంబరులో, అంటే ఏడు లక్షల మంది బంగ్లాదేశ్‌కు పారిపోయిన ఏడాది తర్వాత.

కాబట్టి ప్రభుత్వం 24 గంటలు అంటే మా కంపెనీ 12 గంటలు అంటుంది, టీమ్ లీడ్ నిమిషాన్ని అర నిమిషం చేస్తాడు. గడువు తగ్గినప్పుడల్లా కూర్చున్నవాళ్ల సంఖ్య పెరగలేదు. నేను కోరేది తెలుగులో రాసిన పాలసీ, తెలుగువాళ్లు ఇచ్చిన ఉదాహరణలు, ఒక వాక్యాన్ని రెండుసార్లు చదివే సమయం.

జవాబు: పల్లె విలేకరి

అందరి మాటలూ చదివాను. పెళ్లికొడుకు ఇంటివాళ్ల బాధను తక్కువ చేయడానికి ఈ జవాబు రాయడం లేదు. కానీ చట్టం చేతికిచ్చేది ఎవరికో కూడా చూడాలి.

ఒక మండల కేంద్రంలో చిన్న యూట్యూబ్ ఛానల్ నడుపుతున్నాను. రాత్రిపూట వెళ్లే ఇసుక లారీల వీడియో పెట్టిన మూడో రోజు నన్ను స్టేషనుకు పిలిచి, కులాల మధ్య చిచ్చు పెడుతున్నావని ఎవరో ఫిర్యాదు చేశారన్నారు. ఆ వీడియోలో కులం ప్రస్తావనే లేదు. లారీల యజమాని ఫలానా కులం కనుక లారీని చూపిస్తే కులాన్ని చూపించినట్టట. పొద్దున పదింటి నుంచి సాయంత్రం దాకా బల్ల మీద కూర్చోబెట్టి పంపారు. ఏ పార్టీ అధికారంలో ఉన్నప్పుడు జరిగిందో చెప్పను, ఎందుకంటే దానితో తేడా రాదు.

కొట్టివేసిన 66ఏ కింద ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి కేసులు పెడుతూనే ఉన్నారని తెలిసి 2021లో సుప్రీంకోర్టు నివ్వెరపోయింది. 2025 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు, సోషల్ మీడియా పోస్టుల మీద యాంత్రికంగా కేసులు నమోదు చేయవద్దని, ఫిర్యాదుదారు నిజంగా బాధితుడేనా అని ముందు చూడాలని, రాజకీయ విమర్శ విషయంలో మరింత జాగ్రత్త పడాలని పోలీసులకు మార్గదర్శకాలు ఇవ్వవలసి వచ్చింది. అదే నెల 24న కర్ణాటక హైకోర్టు, పోలీసులూ అధికారులూ వేదికలకు నేరుగా తొలగింపు నోటీసులు పంపే సహయోగ్ పోర్టల్‌ను సవాలు చేసిన ఎక్స్ (పాత ట్విట్టర్) సంస్థ పిటిషన్‌ను కొట్టివేసింది. ఆ నోటీసులు సంయుక్త కార్యదర్శి లేదా డీఐజీ స్థాయికి తగ్గని అధికారే పంపాలన్న నియమం 2025 నవంబరు 15 నుంచి గానీ రాలేదు. అప్పీలు కమిటీల సభ్యులను నియమించేది కూడా కేంద్ర ప్రభుత్వమే.

బెర్లిన్ మిత్రులు చెప్పిన చట్టంలో కంపెనీతో సంబంధం లేని మధ్యవర్తి ఉన్నాడు. మన దగ్గర ప్రభుత్వంతో సంబంధం లేని మధ్యవర్తి కూడా కావాలి. ఐటీ చట్టం సెక్షన్ 69ఏ కింద ప్రభుత్వం ఇచ్చే నిషేధ ఉత్తర్వులను గోప్యంగా ఉంచాలని 2009 నాటి నియమాల్లో ఉంది. ఏ పోస్టును ఏ కారణంతో తీయించారో రాసినవాడికి కూడా తెలియని చోట, విద్వేష నియంత్రణ పేరుతో మరో అధికారం ఇవ్వడానికి నేను ఒప్పుకోలేను. భాష వారీగా పరిశీలకుల లెక్క చెప్పమని కంపెనీలను అడిగే నియమం వస్తే మాత్రం నేను మొదటి సంతకం పెడతాను, ఎందుకంటే దాన్ని అడ్డుపెట్టుకుని నన్ను ఎవరూ స్టేషనుకు పిలవలేరు.

ప్రశ్న వేసినవారి స్పందన: తెనాలి ఉపన్యాసకుడు

అందరికీ కృతజ్ఞతలు. విలేకరి గారూ, మీ జవాబు చదివాక గడువుల చట్టం మీద నాకు మిగిలిన మొగ్గు కూడా పోయింది. నేను ఇన్నాళ్లూ ఎంత వేగంగా తీశారని అడుగుతున్నాను. పదకొండు నిమిషాల్లో వచ్చిన జవాబు కన్నా వేగం ఇంకేం కావాలి? దాన్ని చదివినవారికి తెలుగు వచ్చా అన్నది నేను అడగనే లేదు.

వకీలు గారు చెప్పినట్టు ఫిర్యాదుల అధికారికి నిన్న రెండు ఉత్తరాలు పంపాను. ఆ వ్యాఖ్యల మీద ఒకటి, నా పోస్టు తొలగింపు మీద ఒకటి. రెండింటినీ తెలుగులోనే రాసి, చివర ఒకే ప్రశ్న అడిగాను: నా మొదటి ఫిర్యాదును తెలుగు చదవగలిగిన మనిషి చూశారా, చూస్తే ఏ తేదీన చూశారు? రెండో వ్యాఖ్యలోని అవమానం ఏమిటో, రాత్రి షిఫ్టు గారు ఇక్కడ వివరించిన తీరులోనే, ఒక పేజీ రాసి జతచేశాను.

పోలీసు ఫిర్యాదు మాత్రం ఆ దంపతుల నిర్ణయం. నిన్న సాయంత్రం ఇద్దరూ ఇంటికి వచ్చారు. అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు స్క్రీన్‌షాట్లు తనకు కూడా పంపమన్నాడు, లింకు కనబడేవే పంపమని గుర్తుచేశాడు. వకీలు గారూ, సెక్షన్ 63 ధ్రువపత్రం నా ఫోనులో తీసిన వాటికి నేను ఇవ్వాలా, లేక అతను తన ఫోనులో మళ్లీ తీసి తానే ఇవ్వడం మంచిదా? వాళ్లు సోమవారం మళ్లీ వస్తామన్నారు, ఈలోగా చెప్పగలరా?